మా తాత చివర్న చెప్పే పేర్లు

ఒక పెద్దింటివాళ్ళు మా తాత చెప్పిన తమ వంశాన్ని పుస్తకం వేసుకున్నారు. ఆయన చివర్న చెప్పిన ఎనిమిది పేర్లూ కోసేశారు. పుస్తకం చేతికొచ్చిన వారానికి తాత పోయాడు. దానివల్లే పోయాడని అనను, ఎనభై దాటిన మనిషి. కోసింది మాత్రం కోశారు.

మాది రైతుల ఇళ్ళకు పోయి వాళ్ళ వంశాలు చెప్పే కులం. వేరుశెనక్కాయలు ఇళ్ళకు చేరగానే తాత చేతిగంట సంచిలో వేసుకుని దుత్తలూరు, మర్రిపాడు వైపు ఊళ్ళు తిరిగేవాడు. చెప్పేముందు తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకునేవాడు. ఏ తరంలోనైనా ఒక కోడలి పుట్టిల్లు తప్పుపడితే ఆగి, మళ్ళీ మూలపురుషుడి దగ్గర మొదలుపెట్టేవాడు. అంతా అయ్యాక, తనకు ఎవరు నేర్పారో, వాళ్ళకు ఎవరు నేర్పారో, ఎనిమిది తరాల మావాళ్ళ పేర్లు చెప్పి గంట కొట్టేవాడు. మా వంశం ఉన్నది ఆ ఒక్కచోటే.

"చెప్పినోడెవరో తెలీకపోతే ఆ మాట నమ్మేదెట్టరా" అనేవాడు.

నాకది అడుక్కోవడంలా కనపడేది. నేర్చుకోమంటే వద్దని ఆత్మకూరులో వెల్డింగ్ పనికి పోయాను. బడి ఐదుతోనే ఆగింది. షాపు బోర్డులూ పాత పేపర్లూ చూసి చదవడం నేనే నేర్చుకున్నాను.

పోయిన ఏడాది ఆ పెద్దింటివాళ్ళు తమ పూర్వీకుల ఊరు చూడాలని మూడు కార్లలో వచ్చారు. ఉదయగిరి కొండ కింద ఆ ఊరిప్పుడు లేదు. తాత కంపచెట్లలో ముందు నడిచి పూడిపోయిన బావి చూపించాడు. "మీ మూలపురుషుడు తవ్వించినాడు. ఇది ఎండినాకే మీవోళ్ళు వలసపోయినారు." వాళ్ళ పెద్దాయన ఆ బావిరాయి తడిమి ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు. అక్కడే కూర్చుని తాత చెబుతుంటే ఫోన్‌లో మొత్తం రికార్డు చేసుకున్నారు, మా పేర్లతో సహా, గంటతో సహా.

పుస్తకం వచ్చిన రోజు తాత తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకుని చదవమన్నాడు. చివరిదాకా చదివాను.

"తర్వాత?"

"అయిపోయింది తాతా."

"పేజీ తిప్పరా. ఇంకా ఉండాది."

తిప్పాను. అట్ట వచ్చింది. ఆయన తలగుడ్డ చుట్టుకున్నాడు.

పెద్దాయన దగ్గరికి పోయి అడిగాను. "అది మా వంశం పుస్తకం గదరా, మీ పేర్లెందుకుంటాయి? మీ తాతకు శాలువా కప్పినాంగా" అన్నాడు.

"శాలువా ఆయన అడిగినాడా అయ్యా?" అని వచ్చేశాను.

నాయన లేడు కాబట్టి కర్మ నేనే చేశాను. అయ్యవారు పై తరాల పేర్లు అడిగాడు. తాత నాయన పేరు చెప్పాను. ఆయన నాయన పేరు చెప్పాను. ఆ పైన నాకు తెలీదు. "ఊళ్ళోవాళ్ళ వంశాలన్నీ చెప్పే ఇల్లు గదప్పా మీది" అన్నాడాయన, మెల్లగా. తప్పు సగం నాది. మిగతా సగం ఆ ఫోన్‌లో ఉంది.

ఆ ఇంటివాళ్ళకు చెబుతున్నాను. రికార్డింగు కోయకుండా నాకివ్వండి. ఇంకా పంచని పుస్తకాల్లో ఆ ఎనిమిది పేర్లూ ఒక కాగితం మీద అచ్చేసి అంటించండి. తాత గంట మా గూట్లో ఉంది. ఆ పేర్లన్నీ చెప్పకుండా దాన్ని కొట్టకూడదు. నెల మాసికం వచ్చే ఆదివారం, అయ్యవారు మళ్ళీ ఆ పేర్లు అడుగుతాడు. శనివారం పొద్దుగూకేలోపల జవాబివ్వండి.