ఆండాళమ్మ పెట్టిన రెండు కంచాలు

కొత్త బియ్యం బస్తా మూతి విప్పగానే ఒక వాసన వస్తుంది. తవుడూ, గోనెపట్టా, కాస్త ఎండా కలిసిన వాసన. మొన్న పొద్దున కొట్టు మనిషి బస్తా దించి వెళ్ళాక, కుట్టు తెంపి డబ్బాలోకి పోస్తుంటే ఆ వాసన ముక్కుకు తగిలింది. అంతే, నోట్లో నీళ్ళూరాయి. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని, బీపీ మాత్రలు మింగే మనిషిని, చంటిపిల్లలా గుటక వేశాను. చెయ్యి దానంతట అదే డబ్బాలోకి పోబోయింది. గబుక్కున మూత పెట్టేసి, కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. మురికేమీ లేదు, ఊరికే కడుక్కున్నాను. ఈ వాసన తగిలినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఆండాళమ్మ. ముత్తియాల్‌పేట బాల్వాడీలో నా కింద ఆయాగా పనిచేసింది. హోదాకు నేను టీచర్ని, ఆమె పిల్లలకు వండిపెట్టే మనిషి. పాఠం చెప్పింది మాత్రం ఆమే. నేను విన్న తీరే బాగోలేదు.

డెబ్బైల చివర్లో మావారికి యానాం నుంచి పాండిచ్చేరి ఆఫీసుకు బదిలీ అయింది. చంటిపిల్ల రమని చంకనేసుకుని వచ్చిన ఆర్నెల్లకు నాకు బాల్వాడీలో ఉద్యోగం దొరికింది. నాకు తమిళం అంతంతమాత్రం. ఆండాళమ్మ వాళ్ళది ఎన్నో తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడుతారు, ఒక్క అక్షరం చదవలేరు. పిల్లల తల్లులు గడగడా తమిళంలో ఏదో అంటే నేను బిక్కమొహం వేసేదాన్ని. ఆండాళమ్మ గరిటె పక్కన పెట్టి వచ్చి, "ఏంది లేదు టీచరమ్మా, పిల్లోడికి రేత్రి నుంచీ కడుపు పోతా ఉందంట" అని విడమరిచి చెప్పేది. ఆమె లేకపోతే ఆ ఉద్యోగంలో నేను వారం కూడా నిలిచేదాన్ని కాదు. నల్లగా, పొట్టిగా, యాభై దాటిన మనిషి. నవ్వడం చాలా తక్కువ. నేను ఆమెను "ఆయా" అని పిలిచేదాన్ని, ఆ వయసు మనిషిని అలా పిలవకూడదన్న ఇంగితం కూడా లేకుండా.

ఆమెది ఒక వింత పద్ధతి. కొత్తగా ఎవరైనా బక్కచిక్కిన పిల్లను తెచ్చి దింపితే, నేను పిల్లను ఎత్తుకుని బరువు చూడబోయేదాన్ని. ఆండాళమ్మ పిల్ల వంక చూసేదే కాదు. నేరుగా తల్లి దగ్గరికి వెళ్ళి, బొటనవేలితో ఆమె కింది కనురెప్పను లాగి చూసేది. నాలుక చాపమనేది. తరువాత ఒకే ప్రశ్న, "పొద్దున ఏం తిన్నావు?" ఆ తల్లులు సిగ్గుపడి తల దించుకునేవాళ్ళు. టీ తాగామనేవాళ్ళు. టీతో పాటు? ఏమీ లేదు. మధ్యాహ్నం? అందరూ తిన్నాక ఏదైనా మిగిలితే. పిల్ల మాత్రం ఏం పెట్టినా తినడం లేదని మొరపెట్టుకునేవాళ్ళు. ఆండాళమ్మ అప్పుడు రెండు పళ్ళేల్లో గోధుమరవ్వ ఉప్మా పెట్టి, తల్లినీ పిల్లనూ ఎదురెదురుగా కూర్చోబెట్టేది. మొదటి ముద్ద తల్లి నోట్లోకి వెళ్ళాలి. పిల్ల చూడాలి. అది దాటితే గానీ ఆమె అక్కణ్ణించి కదిలేది కాదు.

నాకు ఒళ్ళు మండేది. ఆ తిండి పిల్లలకు మాత్రమే పెట్టాలని నాకు ఉద్యోగం ఇచ్చిన రోజే చెప్పారు.

"ఆయా, ఇది పిల్లల కోసం ఇచ్చింది. అమ్మలకి పెట్టకూడదని నీకు ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాను ఒకసారి.

"పిల్ల తినేది యాడ నేర్చుకుంటాది టీచరమ్మా? గోడను సూసి నేర్చుకుంటాదా?" అంది, గిన్నె తోముతూనే. "తల్లి ఒంట్లో సత్తువ లేకుంటే బిడ్డను ఒళ్ళో పెట్టుకోని తినిపించే ఓపిక యాడిది? ఒక వాయి, ఒకే ముద్ద, పెట్టి వదిలేస్తాది, పావం."

ఆ మాటలు నాకు మరీ కోపం తెప్పించాయి. గోడకు ఒక బొమ్మల పటం ఉండేది, గుడ్డూ, ఆకుకూరా, బొప్పాయీ, పాలూ. నేను బెత్తంతో ఆ బొమ్మలు చూపిస్తూ రోజూ తల్లులకు ఉపన్యాసం ఇచ్చేదాన్ని.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. రమ కడుపులో ఉన్నప్పుడు నాకు పచ్చి బియ్యం తినే అలవాటు పట్టుకుంది. చాలామంది ఆడవాళ్ళకు పడుతుంది, ఎవరూ పైకి చెప్పుకోరు. మొదట బియ్యం ఏరుతూ నాలుగు గింజలు, తరువాత గుప్పెడు, ఆ తరువాత కొంగున కట్టుకుని తిరగడం. పురుడయ్యాక పోతుందనుకున్నాను, పోలేదు. పాండిచ్చేరి వచ్చాక ఇంకా ముదిరింది. పొద్దున కాఫీ, మావారికి కేరేజీ కట్టాక రెండు గుప్పిళ్ళ బియ్యం, బాల్వాడీ నుంచి వచ్చాక మళ్ళీ బియ్యం. అన్నం మీద ధ్యాసే ఉండేది కాదు. వంటగట్టు దగ్గర నిలబడి, చల్లారిన అన్నంలో పచ్చడి కలిపి నాలుగు ముద్దలు మింగి కంచం తొలిపేసేదాన్ని. నేను కంచం ముందు కూర్చుని అన్నం తినగా రమ ఎప్పుడూ చూడలేదని ఇప్పుడు తలుచుకుంటే తల కొట్టేసినట్టుంటుంది. దానికి రెండేళ్ళు దాటాయి. పెదవులు పాలిపోయి ఉండేవి. పప్పన్నం పెడితే ఉమ్మేసేది, కూర పెడితే మూతి తిప్పుకునేది. నాలుగు అడుగులు వేసి చతికిలబడేది. "మా అమ్మాయికి అన్నం సహించదండీ" అని అందరితో చెప్పుకునేదాన్ని, అదేదో పెద్దింటి లక్షణమైనట్టు. టానిక్కు సీసాలు మాత్రం వరసగా పేర్చాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆండాళమ్మ వాళ్ళ పెరటి మునగాకు ఒక కట్ట పట్టుకుని మా ఇంటికి వచ్చింది. గుమ్మం దగ్గరే కూర్చుని, ఆకు దూస్తూ ఏదో చెబుతోంది. ఇంతలో వంటింట్లో డబ్బా మూత చప్పుడైంది. రమ తప్పటడుగులతో బయటికి వచ్చింది, పిడికిలి బిగించి. నా ఒళ్ళోకి ఎక్కి, పిడికిలి విప్పి, నాలుగు బియ్యపు గింజలు తీసి ముందు నా నోట్లో పెట్టింది. తరువాత తన నోట్లో పోసుకుంది. ఇద్దరం నమలసాగాం. అలవాటైన పని, నాకు స్ఫురించనే లేదు. ఆండాళమ్మ చేతిలో మునగ రెమ్మ అలాగే ఆగిపోవడం చూశాక గానీ నాకు తెలిసిరాలేదు.

ఆమె లేచి దగ్గరికి వచ్చి, ఆ తల్లులకు చేసినట్టే నా కింది కనురెప్ప లాగి చూసింది.

"అరిసి తింటా ఉండావా? ఎన్నాళ్ళుగా?" బియ్యాన్ని ఆమె అరిసి అనే అనేది. నేను నోట్లోది గబగబా మింగేశాను. "మూడో నెలనా?" అంది. నేను మళ్ళీ కడుపుతో ఉన్న సంగతి మావారికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

"తెల్లంగా పోయినావే అమ్మీ. ఒంట్లో రత్తం లేకనే ఇది అడగతాది. ఇది తింటే ఇంక వేరేది తినబుద్ది కాదు. బిడ్డ నీ నోరు సూసే తింటా ఉంది. దానికి తిండంటే ఇదే అనుకోని ఉంది. పొద్దున్నే ఆసుపత్రికి పదా, నేనొస్తా."

సిగ్గుతో నా ముఖం మండిపోయింది. బెత్తం పట్టుకుని పాఠాలు చెప్పే టీచర్ని, వంట ఆయా కనురెప్ప లాగి చూస్తుందా? "నీ పని నువ్వు చూసుకో ఆయా. మా ఇంటి సంగతి నీకెందుకు?" అన్నాను. ఆమె దూసిన ఆకంతా ఒక పళ్ళెంలో సర్ది, పుల్లలు ఏరుకుని వెళ్ళిపోయింది.

ఆ తరువాతి వారంలో పైఅధికారి ఒకావిడ తనిఖీకి వచ్చింది. అంతా సవ్యంగానే ఉందా అని మామూలుగానే అడిగింది. ఊరుకుంటే సరిపోయేది. "పిల్లల తిండి తల్లులకు పెడుతోందండీ, చెబితే వినడం లేదు" అన్నాను. అందులో అబద్ధం లేదు. కానీ నియమం కోసం నేను ఆ మాట అనలేదు. నా రహస్యం తెలిసిన మనిషి రోజూ నా కళ్ళెదుట తిరగకూడదని అన్నాను. పదిరోజుల్లో ఆండాళమ్మను రావద్దన్నారు. చివరి రోజు ఆమె గిన్నెలన్నీ తోమి బోర్లించి, పొయ్యి అలికి, నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను.

"కడుపుతో ఉండావు. కూచోని తిను" అంది. అంతే.

ఆమె మాట చెవిన పెట్టలేదు. పంతం కొద్దీ బియ్యం ఇంకా ఎక్కువ తిన్నాను. మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు చీకట్లు కమ్మడం, పాదాల వాపు, అన్నీ కడుపుతో ఉంటే మామూలేనని సరిపెట్టుకున్నాను. ఎనిమిదో నెలలో నొప్పులొచ్చాయి. మగపిల్లవాడు. నా అరచేతినీ ముంజేతినీ కలిపితే సరిపోయేంత మనిషి. పాలు చప్పరించే బలం కూడా లేదు. నాలుగు రోజులు బతికాడు. బారసాల కాలేదు కనుక పేరు లేదు. డాక్టరమ్మ నా రక్తం చీటీ చూసి, తరువాత రమ రక్తం కూడా తీయించి, రెండు చీటీలూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కొక్క అంకె మీదా వేలు పెట్టి చూసింది. "ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదా అమ్మా నీకు?" అంది. చెప్పారని అనలేకపోయాను. నెల తక్కువ కాన్పుకి ఒక్క కారణమే ఉండదని కూడా ఆమె అంది. ఆ మాట నన్ను ఓదార్చడానికి అందేమో నాకు తెలియదు. నాకు మాత్రం తెలియవలసింది తెలిసింది. రమను ఇలాగే వదిలేస్తే ఏ చిన్న జ్వరానికైనా తట్టుకోలేదని, మందు పోస్తే చాలదని, తిండి తినాల్సిందేనని గట్టిగా చెప్పింది.

ఇంటికి వచ్చాక నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. తాగే బిడ్డ లేడు, రవికె తడిసిపోతోంది. రమ పక్కన కూర్చుని ఖాళీ పిడికిలి మూస్తూ, తెరుస్తూ ఉంది. మావారు బియ్యం డబ్బాను అటక మీద పెట్టేశారు. మూడోరోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. ఆండాళమ్మ. పని పోయాక మూలకుళంలో తమ్ముడి ఇంట్లో ఉంటోంది. అంత దూరం నుంచి ఎండలో టిఫిన్ కేరియర్ పట్టుకుని నడిచి వచ్చింది. ఏడవలేదు, ఓదార్చలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్ళి రెండు కంచాలు తెచ్చింది. మునగాకు పప్పు, వీరాంపట్టినం నుంచి తట్టల్లో వచ్చే నెత్తళ్ళ చేపల పులుసు, వేడన్నం. ఒక కంచం నా ముందు, ఒకటి తన ముందు.

"నాకు వద్దు" అన్నాను. నా కొడుకును మట్టిలో పెట్టి వారం కాలేదు. పులుసు వాసనకు ఆకలి వేసినందుకే నా మీద నాకు అసహ్యం వేసింది.

"నాకు ముగ్గురు" అంది ఆమె అన్నం కలుపుతూ. "నేను మన్ను తిన్నా, మట్టిగోడ గీక్కోని. అత్త కనపడకుండా తినేదాన్ని. ముగ్గురూ ఏడాది దాటలా. ఎందుకు పోతా ఉండారో నాకెవురూ చెప్పలా. నీకు నేను చెప్పినా." ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలింది. "పోయినోణ్ణి నువ్వు తేలేవు. ఇది సూస్తా ఉంది సూడు."

రమ చూస్తోంది. ఆండాళమ్మ నోటివైపు చూసి, నా నోటివైపు చూసింది. నేను లేచి కూర్చున్నాను. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. కన్నీళ్ళతో కలిసిపోయిన ఆ ముద్ద ఎలా మింగానో నాకే తెలియదు. రెండో ముద్ద తీసుకుంటుంటే రమ నోరు కొంచెంగా తెరుచుకుంది. ఆ రోజు అది పెద్దగా ఏమీ తినలేదు, నాలుగు మెతుకులు తిన్నది. ఉమ్మేయలేదు.

ఆమె నలభై రోజులు వచ్చింది. రోజూ రెండు కంచాలు, తరువాత మూడు. ఒకరోజు ఉండబట్టలేక, "పెద్దమ్మా, నీ ఉద్యోగం నా వల్లే..." అని మొదలుపెట్టాను. ఆమెను పెద్దమ్మా అనడం అదే మొదలు.

"తెలుసు. తిను" అంది.

ఆ తరువాత పైఅధికారి దగ్గరికి వెళ్ళి నిజం చెప్పి, ఆమెను తిరిగి తీసుకోమని బతిమాలాను. అప్పటికే ఇంకొకరిని వేశారు. ఆమె మళ్ళీ బాల్వాడీ గడప తొక్కలేదు. ఆ పద్ధతి మాత్రం నేను నడిపించాను, నియమానికి విరుద్ధంగానే. రెండుసార్లు సంజాయిషీ రాయించుకున్నారు, రాశాను. తల్లుల కనురెప్పలు లాగి చూస్తే కొందరు నా చెయ్యి విదిలించి కొట్టారు. వాళ్ళ ముఖంలో ఆ కోపం చూస్తే నాకు నేనే కనిపించేదాన్ని. ఎనభైల మధ్యలో, ఒక వానాకాలం, ఆండాళమ్మ పోయింది. కబురు తెలిసి నేను వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. పొయ్యి పక్కన ఆ టిఫిన్ కేరియర్ బోర్లించి ఉంది.

రమ బతికింది. ఇప్పుడు దానికి ఇద్దరు పిల్లలు. మొన్న మధ్యాహ్నం కూడా ఫోన్ చేసింది. అందరి కూతుళ్ళూ "తిన్నావా అమ్మా" అని అడుగుతారు. ఇది "కూచుని తిన్నావా?" అంటుంది. ఆ మాట ఎవరిదో దానికి తెలియదు, నేను చెప్పలేదు. చెబితే మొత్తం చెప్పాలి. ఫోన్ పెట్టేశాక, బియ్యం డబ్బాను కిందనే ఉంచి, కంచం పెట్టుకుని, ఎదురుగా ఎవరూ లేకపోయినా నేల మీద కూర్చున్నాను. మొదటి ముద్ద నిదానంగా నమిలాను. నోట్లో బియ్యం కోసం ఊరిన నీళ్ళు అన్నంతో పాటు దిగాయి. వాడు ఉంటే నలభై దాటి ఉండేవాడు, ఏదో ఒక పేరుతో.