మూడో కెరటం దగ్గర రాకర్

మా బావ నన్ను జీవితంలో ఒక్కసారే కొట్టాడు. కుడి చేతివాటం మనిషి. ఆ రోజు కుడి భుజం ఎముక విరిగి వేలాడుతోంది కాబట్టి ఎడమ చేత్తో కొట్టాడు. అయినా నా కింది దవడ పన్ను ఒకటి ఊడి ఇసుకలో పడింది. వెతికి తీసి జేబులో వేసుకున్నాను. ఎందుకు కొట్టాడో తెలుసు. తప్పు ఎక్కడ జరిగిందో అప్పటికి తెలియలేదు.

బావ అంటే నా భార్యకు అన్న. నౌపడకు తూర్పున, సముద్రపు ఒడ్డున ఉంటాం. ఆయనకు ఒక ఫైబరు తెప్ప, దాని మీద ఒంటి సిలిండరు డీజిలు ఇంజను. ఇంజన్లు చూసేది నేను. ఎవరూ నేర్పలేదు. వయసులో ఉన్నప్పుడు ఉప్పు మడుల్లో నీటి చిక్కదనం కొలిచేవాణ్ణి. గాజు బుడ్డి ఇరవై అయిదు డిగ్రీల దగ్గర తేలితే ఉప్పు కడుతుంది, ఇరవై నాలుగు దగ్గర తేలితే కట్టదు, మేస్త్రీలు ఎంత అరుచుకున్నా సరే. అంకె ఉన్నచోట కొట్లాట ఉండదని అక్కడే నమ్మాను.

మా ఒడ్డున ఒక కట్టు ఉంది. ఇంజను విప్పి కట్టినవాడు, తెప్ప మళ్ళీ మొదటిసారి కెరటాలు దాటేటప్పుడు అందులో కూర్చోవాలి. నేను పదకొండు సార్లు కూర్చున్నాను. ఆ ఏడు ఎండాకాలం వేట నిషేధం ఎత్తేసే ముందు కూర్చున్నది పన్నెండోసారి.

గొడవ రాకర్ల దగ్గర మొదలైంది. రాకర్ అంటే అరచేతిలో ఇమిడే ఉక్కు ముక్క. నడుమ ఇరుసు, దాని మీద పిల్లల తూగుడు బల్లలా ఆడుతుంది. ఒక కొసను కింద నుంచి కడ్డీ తంతుంది, రెండో కొస వాల్వు నెత్తిన గుద్దుతుంది. గాలి రావడానికి ఒకటి, పొగ పోవడానికి ఒకటి. నిమిషానికి ఏడు వందల యాభై గుద్దులు. తొమ్మిదేళ్ళు గుద్ది గుద్ది మా రాకర్ల మొహాలు, అంటే వాల్వును గుద్దే కొసలు, గుంటలు పడ్డాయి.

బావ శ్రీకాకుళం వెళ్ళి కొత్త జత తెచ్చాడు. ఇంజను కంపెనీ సరుకు కాదు, బయటివాళ్ళు చేసిన నకలు. పెట్టె మీద రంగులు బాగున్నాయి. నేను పాయింట్ల దాకా కొలిచే వెర్నియర్ స్కేలు పెట్టి ఇరుసు నుంచి మొహం దాకా కొలిచాను. పాతవి రెండూ ముప్పై ఎనిమిది పాయింటు నాలుగు మిల్లీమీటర్లు. కొత్తవాటిలో ఒకటి అంతే ఉంది. రెండోది ముప్పై ఆరు పాయింటు తొమ్మిది.

“ఏటి బావా, పెళ్ళికూతుర్ని సూడ్డానికొచ్చినట్టు అన్నేసి సార్లు సూస్తన్నావు,” అన్నాడు బావ.

“ఒకటి పొట్టిగున్నాది. ఒకటిన్నర మిల్లీమీటరు. వాల్వు నెత్తిన గుద్దదు, అంచున గుద్దుతాది.”

“ఒకటిన్నరా? నీ గోట్లో మట్టంత నేదు.”

“పెట్టె పక్కనెట్టీ. పాతవే కట్టించి తెస్తాను.”

బావ గుడ్లురిమాడు గానీ ఒప్పుకున్నాడు. అంకె చెప్పాక నన్ను ఎదిరించడం ఆయనకు అలవాటు లేదు.

విజయనగరంలో ఒక లేతు షాపు. ఆ మనిషి అరిగిన మొహం మీద గట్టి లోహం వెల్డింగు పోసి, తిరిగే సాన చక్రానికి ఆనించి అరగదీస్తాడు. నిప్పురవ్వలు ముఖాన కొడుతున్నా కళ్ళార్పడు. నేను ఒక చీటీ మీద 38.4 అని రాసిచ్చాను. అంతే రాశాను. మూడో రోజు, ఇరుసు చుట్టూ ఉండే బుష్షులు కూడా కొత్తవి వేయించి, తెచ్చి బిగించాను. రాకర్‌కీ వాల్వుకీ నడుమ సందు పాయింటు రెండు మిల్లీమీటరు ఉండాలి. సందులు కొలిచే రేకుల కట్ట, ఫిల్లర్ గేజ్‌లో ఆ మందం రేకు బిగువుగా దూరింది, పాయింటు రెండున్నర రేకు దూరలేదు. అంతకంటే ఖచ్చితం ఉండదు.

ఒడ్డునే ఒక గంట నడిపి చూశాం.

“టిక్కు టిక్కుమంటన్నాది. ఇనపడతన్నాదా?” అన్నాడు బావ.

“కొత్త మొహం. సర్దుకుంటాది. సందు సరిగ్గా పాయింటు రెండు.”

“నీ అంకెకి సెవుల్లేవు బావా.”

మర్నాడు పొద్దున్న ఎనిమిది మంది భుజాలిచ్చి తెప్పను నీళ్ళలోకి తోశారు. బావ చుక్కాని దగ్గర, నేను ఇంజను పక్కన. మా ఒడ్డున దాటాల్సిన వరసలు మూడు, ఇంజను నిండుగా లాగితే నలభై సెకన్ల పని. మొదటి కెరటం తెప్ప ముక్కుని ఎత్తి కుదేసింది. రెండోది నా ఛాతీ మీద గుద్ది ఊపిరి ఆపేసింది. నేను పెడుతున్న సెకన్ల లెక్క ఇరవై ఆరు దగ్గర ఉండగా ఇంజన్లో ఇనుము ఇనుమును కొరికిన చప్పుడు వచ్చి, ఆగిపోయింది.

ఆగిన తెప్ప కెరటానికి అడ్డం తిరుగుతుంది. మూడోది పక్క నుంచి వచ్చింది. మమ్మల్ని విసిరింది, తర్వాత తెప్పను మా మీదకు విసిరింది. దాని అంచు బావ భుజం మీద పడినప్పుడు నీళ్ళలోనే ఎముక విరిగిన చప్పుడు విన్నాను. ఇసుక నోట్లో, కళ్ళల్లో. పైకి తేలిన ప్రతిసారీ ఇంకో దెబ్బ. ఒడ్డున ఉన్నవాళ్ళు తాళ్ళతో దిగి, ఆయన్ని జుట్టు పట్టుకుని, నన్ను చొక్కా పట్టుకుని ఈడ్చారు.

బావ రక్తం కక్కి, లేచి కూర్చుని, నన్ను దగ్గరకు రమ్మన్నట్టు తలాడించాడు. వెళ్ళాను. అప్పుడే పన్ను పోయింది.

“సెప్పాను కదరా,” అన్నాడు. ఒరే అనడం కూడా అదే మొదలు.

మూత విప్పితే సందు కదలకుండా పట్టే లాక్ నట్టు వదులై, కడ్డీ గూట్లోంచి జారిపోయి వంగి ఉంది. రాకర్ మొహం మీద గోరు నిలువుగా పెట్టి జరిపితే నడుమ కిందికి దిగింది. అరగదీసిన చక్రం వంపే అక్కడ గుంటగా మిగిలింది. వాల్వు తల ఆ గుంటలోకి దిగి కొడుతుంటే, వెడల్పాటి నా రేకు మాత్రం గుంట దిగకుండా రెండు గట్ల మీద వంతెనలా ఆనుకుని పాయింటు రెండు చూపించింది. లోపల అసలు సందు అంతకు మూడింతలు. గంట సేపు బావ విన్నది ఆ సుత్తి దెబ్బలే.

విజయనగరం వెళ్ళి లేతు మనిషి కాలరు పట్టుకున్నాను. అతను నా చీటీ తీసి నా ముఖాన విసిరాడు.

“పొడుగు రాసినావు, ఇచ్చినాను. మొగం ఉబ్బుగుండాలో, గుంటగుండాలో ఎక్కడ రాసినావు? సెయ్యి తీ.”

తీశాను. మొహం ఉబ్బుగా, ఎంత ఉబ్బుగా ఉండాలో గీసి ఇచ్చి, అతను మళ్ళీ అరగదీసేదాకా నిలబడే ఉన్నాను.

ఇంటికొచ్చి నా భార్య కాటుక భరిణె అడిగాను. అన్న విరిగిన భుజం చూసినప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. భరిణె విసిరేసింది, నుదుటికి తగిలింది. వంగిన కడ్డీ మార్చి, వాల్వు నెత్తిన కాటుక రాసి, చేత్తో ఇంజను ఒక చుట్టు తిప్పి, రాకర్ మొహం చూశాను. సరైన మొహానికి నడుమ ఒక్క గీత పడుతుంది. కట్టించిన రెంటిలో పొగ వైపుదానికి అలాగే పడింది. గాలి వైపుది ఇంకా పక్కకు పోతోంది. అప్పుడు బావ కొన్న పెట్టె గుర్తొచ్చింది. పొట్టిది పక్కన పెట్టి, కొలత సరిపోయినదాన్ని బిగించి చూశాను. నడుమ గీత, వెంట్రుకంత తిన్నగా. ఒకటి తప్పని జత మొత్తం నెట్టేసింది నేనే.

భుజం అతుక్కోవడానికి ఏడు వారాలు పట్టింది. విషయం చెప్తే బావ మూత తెరిచి చూశాడు.

“ఒక కాలికి సెప్పు, ఒక కాలికి బూటు,” అన్నాడు. “ఈపాలి మొగం సూసినావా?”

“సూసినాను.”

“ఇన్నావా?”

ఇంజను నడిపి, స్క్రూడ్రైవరు కొన మూత మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, చాలాసేపు విన్నాను. తర్వాత ఆయనకిచ్చాను. ఆయనా విన్నాడు.

పదమూడోసారి కూర్చున్నాను. చుక్కాని ఇంకొకరికి ఇచ్చి బావ నా వెనకే కూర్చున్నాడు. మొదటి కెరటం ఎత్తగానే ఎడమ చేత్తో నా మెడ పట్టుకున్నాడు.

“ఆగిందంటే ముందు నిన్నే ఇసిరేస్తాను.”

రెండోది గుద్దింది. వేళ్ళు ఇంకా బిగిశాయి. లెక్కపెట్టడం ఇరవై దగ్గర ఆపేసి, ఇంజను విన్నాను. మూడోది ముక్కు మీంచి విరుచుకుపడి, నీళ్ళన్నీ మా మీద పోసి, వెనక్కి పోయింది. తెప్ప లోతు నీళ్ళలోకి దిగింది. బావ చాలా దూరం దాకా మెడ వదల్లేదు. అద్దంలో చూసుకుంటే నాలుగు వేళ్ళ గుర్తులు నాలుగు రోజులు నల్లగా ఉన్నాయి.