రష్యా మేడమ్ కోసం దేవుణ్ణి దాచిన సాయంత్రం

రష్యా గురించి నాకు తెలిసినదంతా ఉపయోగించి, ఒక మనిషికి దొరకబోయే ఉద్యోగాన్ని సరిగ్గా పద్నాలుగు నిమిషాల్లో ఎలా ముంచానో చెబుతాను. ముప్ఫై నాలుగేళ్ళు నర్సుగా చేసినదాన్ని. టైము రాసుకోకుండా పొరపాటు కూడా చేయను.

మూడేళ్ళ కిందటి సంగతి. మస్కట్‌లోని ఖురంలో మా కింది ఫ్లాట్‌లోకి, యుద్ధం మొదలయ్యాక దేశం వదిలి వచ్చిన రష్యా కుటుంబం దిగింది. ఆవిడ పేరు ఓల్గా. నాలుగేళ్ళ పాపను చూసుకోవడానికి మనిషి కావాలంది. నాకు తెలిసిన రూతమ్మది కడప. ఆమె పనిచేసే ఇంటివాళ్ళు మస్కట్ విడిచిపోతున్నారు. పదకొండు రోజుల్లో కొత్త ఇల్లు దొరక్కపోతే వీసా రద్దయి ఇంటిముఖం పట్టాలి. గురువారం సాయంత్రం నాలుగింటికి ఇద్దరినీ మా ఇంటికి టీకి పిలిచాను.

రష్యా అంటే నాకు తెలియదనుకున్నారా? చిన్నప్పుడు అక్కడినుంచి వచ్చే నున్నటి కాగితాల పత్రికను మా నాన్న తెప్పించేవారు. ట్రాక్టర్లు, గోధుమ చేలు, రాకెట్లు. దేవుడు మాత్రం ఏ పేజీలోనూ కనపడలేదు. ఆ కాగితాలు నా పుస్తకాలకు అట్టలయ్యాయి, ఆ విషయాలు నా బుర్రకు. తర్వాత ఆ దేశమే ముక్కలైందని నేనూ విన్నాను. కానీ బుర్రకు అట్ట మార్చలేదు.

"రూతమ్మా, మెడలో సిలువ తీసెయ్. వాళ్ళకు దేవుడంటే పడదు."

"అదేంది సిస్టరమ్మా! ఆయన పేరు తలుచుకోకుంటే నాకు నీళ్ళు గూడా దిగవే!"

"దేవుడు క్షమిస్తాడు. వీసా ఆఫీసు క్షమించదు."

గోడమీది యేసుప్రభువు పటం సోఫా పరుపు కింద దూర్చాను.

ఓల్గా 4.02కి వచ్చి, సరిగ్గా ఆ పరుపు మీదే కూర్చుంది. ఏసీ పద్దెనిమిదిలో ఉన్నా నాకు చెమటలు. టీ అయ్యాక రూతమ్మను ఇంగ్లీషులో అడిగింది. "మీరు ప్రార్థన చేసుకుంటారా?"

రూతమ్మ నావైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

"నో మేడమ్! గాడ్ నహీ హై మేడమ్!"

ఓల్గా ముఖం చల్లారిన టీ అయింది. "క్షమించండి. నా పాపకు దేవుడు తెలిసిన మనిషి కావాలి" అంటూ లేచింది. ఆమె మెడలోంచి బంగారు సిలువ బయటికి జారింది. టైము 4.16.

రూతమ్మ గొల్లుమంది. "అంతా ఈ సిస్టరమ్మ నేర్పిందే మేడమ్! మీరు కూర్చునింది యేసయ్య మీదనే!" అని వచ్చిన భాషలన్నీ కలిపి చెప్పేసి, పరుపెత్తి పటం లాగింది.

ఓల్గా పటాన్ని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ సోఫాలో కూలబడి పడీ పడీ నవ్వింది.

"మా అమ్మమ్మా ఇంతే! ఆఫీసర్ వస్తున్నాడంటే దేవుడి పటం దుప్పట్లలో దాచేది. ఇప్పుడు ఆ ఆఫీసర్లే చర్చిలో ముందు వరసలో కొవ్వొత్తి పట్టుకుంటున్నారు. మీరొక్కరే మా అమ్మమ్మ కాలంలో మిగిలిపోయారు!"

శనివారమే పనిలోకి రమ్మంది. నా పాపం అంతటితో కడుక్కుపోయిందనుకున్నాను. ఆరు వారాలకు రూతమ్మ ఫోన్ చేసింది.

"సిస్టరమ్మా, ఈ మేడమ్‌కు ఉపవాసాలంట. మనకు నలభై దినాలు, వీళ్ళకు నలభై ఎనిమిది! మాంసం లేదు, గుడ్డు లేదు, టీలోకి పాలు గూడా లేవు. దినామూ క్యాబేజీనే!"

"పోనీలే, దేవుడున్న ఇల్లు దొరికింది కదా!"

"ఉండాడు సిస్టరమ్మా. ఈ ఇంట్లో ఆయనొక్కడే ఉండాడు. తినేదానికే ఏమీ లేదు!"

అందుకే పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ దేశపు మనిషి మా గుమ్మం తొక్కినా దేవుడి సంగతి వాళ్ళనే చెప్పనిస్తాను. నేను కూర సంగతి మాత్రమే అడుగుతాను.