వంటక్క కుర్చీలోంచి లేవలేదు

ఆస్పత్రి వంటగదిలో ఇరవై ఏడేళ్లుగా గరిటె తిప్పుతున్న ఆవిడను అందరూ వంటక్క అనేవారు. అసలు పేరు హాజరుపట్టీకి మాత్రమే తెలుసు. రోజుకు రెండు వందల మందికి వండేది. ఉప్పు కూడదు, నూనె కూడదు, కారం ఊసే ఎత్తకూడదు అని డాక్టర్లు రాసేవారు. దీన్ని మనుషులు తింటారా అని రోగులు వంటక్కను తిట్టేవారు. రాసినవాళ్లను ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. ఒక పెద్దాయనైతే సెలైన్ సీసా చేత్తో పట్టుకుని వంటగది దాకా నడిచొచ్చి మరీ తిట్టి వెళ్లాడు. ఆపరేషన్ తర్వాత ఆయన నడవడం అదే మొదటిసారి కావడంతో డాక్టర్లు సంబరపడ్డారు.

ఇంటికి వెళ్తే అక్కడా అదే పని. భర్తకు మెత్తగా కావాలి, అత్తగారికి ఇంకా మెత్తగా కావాలి, ఇద్దరు కొడుకులకు గట్టిగా కావాలి. తనకేం కావాలో ఎవరూ అడగలేదు, ఆలోచించుకునే తీరిక ఆవిడకూ దొరకలేదు. మరొకరు వండింది కుదురుగా కూర్చుని తిన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో రెండు ఆవిడ ప్రసవాలు.

ఈ సంగతి తెలిసి స్నేహితులిద్దరు నొచ్చుకున్నారు. ఒకరు మూడో వార్డు నర్సమ్మ. ఇంకొకరు అంబులెన్సు డ్రైవరు. బండి ఆగినా గొంతు ఆగదు కాబట్టి ఆయన్ను సైరన్ అనేవారు. వంటక్క యాభయ్యో పుట్టినరోజుకు, ఆస్పత్రి వీధి చివర కొత్తగా తెరిచిన రెస్టారెంట్‌కు ఆవిడను తీసుకువెళ్లారు.

మొన్నటిదాకా అది టైర్ల దుకాణం. గోడలకు రంగులేశారు, దీపాలు వేలాడదీశారు, టైర్ల వాసనను మాత్రం ఎక్కడికీ పంపలేకపోయారు. మెనూ కార్డు పెళ్లి ఆల్బమ్ అంత ఉంది. సైరన్ ఏది చూపించినా వెయిటర్ "అది లేదండీ" అన్నాడు. ఆరో పేజీకి సైరన్ ఓపిక అయిపోయింది.

"ఏముందో నువ్వే చెప్పు. చదువుకోడానికైతే లైబ్రరీకే పోయేవాళ్లం."

"సూప్ ఉందండీ. చికెన్, బంగాళాదుంప ఉన్నాయండీ."

"ఆ మూడూ పట్రా."

ముప్పావు గంటకు వచ్చాయి. సూప్ చల్లగా ఉంది, తాగే నీళ్లు వెచ్చగా ఉన్నాయి. బంగాళాదుంప పైన మాడి, లోపల పచ్చిగా ఉంది. దేన్లోనూ ఉప్పు లేదు. ఇరవై ఏళ్లుగా ఎలాంటి చర్మంలోకైనా సూది దించుతున్న నర్సమ్మ, చికెన్‌లోకి కత్తి దించలేకపోయింది. సైరన్ బలమంతా పెట్టి కోయబోతే ముక్క ఎగిరి పక్క టేబుల్ కింద పడింది. ఆయన వెంటనే యజమానిని పిలిపించాడు. టైర్లమ్మిన పెద్దమనిషి చెమటలు కక్కుతూ వచ్చాడు.

"ఇది కోడా, మీ పాత సరుకా?"

"క్షమించండి సార్. వంటవాడు సాయంత్రం నాలుగింటికి చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు. లోపల మా బావమరిది ఉన్నాడు. ఫోన్‌లో చూసి వండుతున్నాడు."

"చూసి వండితే ఇలా వస్తుందా?"

"మధ్యమధ్యలో ఫోన్లు వస్తున్నాయండీ."

నర్సమ్మకు ఠక్కున ఆలోచన తట్టింది. "మా వంటక్క ఉందిగా! రోజూ రెండొందల మందికి వండుతుంది. ఒక్క పది నిమిషాలు లోపలికెళ్తే..."

యజమాని రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, దేవుడిలా వచ్చారు." సైరన్ లేచి దారి ఇచ్చాడు. పక్క టేబుళ్ల వాళ్లూ ఆశగా చూశారు.

వంటక్క ఒళ్లో రుమాలు సర్దుకుంది.

"నేను లేవను."

"అదేంటక్కా?"

"పుట్టినరోజు నాది. తినడానికొచ్చాను. ఉప్పు లేకపోతే లేకపోయింది, మర్చిపోయింది నేను కాదు కదా! అబ్బ, ఆ మాట అనుకుంటుంటేనే కడుపు నిండుతోంది."

నర్సమ్మ నోరెళ్లబెట్టింది. తలుపు సందులోంచి అంతా వింటున్న బావమరిది బయటికి వచ్చాడు. నలభై దాటిన బట్టతల మనిషి, మొన్నటిదాకా పంక్చర్లు వేసేవాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఉల్లిపాయలో, ఏడుపో తెలియలేదు. తిట్లకు సిద్ధపడి నిలబడ్డాడు. ఆ నిలబడటం ఎలా ఉంటుందో వంటక్కకు బాగా తెలుసు.

"మంట ఎంత పెట్టావు?"

"ఫుల్లుగా పెట్టానండీ, తొందరగా అవుతుందని."

"తగ్గించు. మూత పెట్టు. అరగంట దాని జోలికెళ్లకు. ఫోన్ జోలికి కూడా. మళ్లీ చేసి పట్రా, ఇక్కడే ఉంటా."

"మీరొక్కసారి వచ్చి చూస్తే..."

"రాను."

రెండోసారి చికెన్‌లోకి కత్తి దిగింది. మెచ్చుకోదగ్గది అదొక్కటే. ఉప్పు రెండుసార్లు పడింది. సైరన్ ఒక్క ముక్కతో చేతులెత్తేశాడు. నర్సమ్మ బీపీ పేరు చెప్పి తప్పుకుంది. వంటక్క మాత్రం గుక్కెడు గుక్కెడు నీళ్లు తాగుతూ తీరిగ్గా ప్లేటు ఖాళీ చేసింది.

"ఎలా ఉందండీ?" అన్నాడు బావమరిది.

"బాగాలేదు. వచ్చే నెల మొదటి ఆదివారం వస్తా. ఆలోగా ఉప్పు సంగతి తేల్చు."

దారిలో నర్సమ్మ బాధపడింది. "పుట్టినరోజు పూటా నీచేత చెత్త తినిపించాం అక్కా."

"గిన్నెలు కూడా వాళ్లే తోముకుంటున్నారు, చూశావా?" అంది వంటక్క, మురిసిపోతూ.

స్నేహితులిద్దరూ మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. ఆవిడ ఒక్కతే వెళ్లేది. అత్తగారు ఒంటికాలి మీద లేచింది. ఆ ఆదివారాలు కొడుకులు గరిటె పట్టారు. వాళ్ల వంట మీద అత్తగారి అభిప్రాయం వీధి వీధంతా వినబడింది. రెస్టారెంట్‌లో రెండో నెల ఉప్పు తక్కువైంది. మూడో నెల సరిపోయింది కానీ అడుగంటింది. యజమాని ఆల్బమ్ మెనూ తీసేసి నాలుగు వరుసల కాగితం గోడకు అంటించాడు.

ఐదో నెల బావమరిది ప్లేటు పెట్టి, టేబుల్ పక్కనే నిలబడిపోయాడు. వంటక్క ఒక ముక్క తిన్నది. ఇంకొకటి తిన్నది.

"ఏమండీ?"

"తింటున్నాను కదా, ఉండు," అంది నోటి నిండా పెట్టుకుని. "లోపల ఇంకా ఉంటే పట్రా."

ఆయన వంటగదిలోకి పరిగెత్తాడు.