ట్యాంకు లేని గొట్టం

దెల్ఫీం అరూడా ఎదురైతే జనం సందు మారి పోవడం మొదలై నాలుగేళ్లయింది. అతను పోలీసు కాదు, రౌడీ కాదు. చలికి ఇళ్లను వెచ్చబెట్టే చమురు ఇంటింటికీ పోసే లారీ డ్రైవరు. అమెరికాలోని ఫాల్ రివర్ ఊళ్లో, మిల్లులు మూతపడ్డ ఆ కొండవాలు వీధులు ముప్ఫై ఒక్క చలికాలాలు అతను పోసిన చమురుతోనే వెచ్చగా పడుకున్నాయి. తర్వాత ఆ వీధుల్లోకి గ్యాసు లైను వచ్చింది. ఒక్కో ఇల్లూ నేలమాళిగలోని చమురు ట్యాంకును కోయించి పారేసి, గోడకు చిన్న గ్యాసు బాయిలరు తగిలించుకుంది.

మారిన ప్రతివాడూ కంపెనీ ఆఫీసుకు ఫోను చేసి చెప్పాడు. దెల్ఫీం మొహం మీద చెప్పినవాడు ఒక్కడూ లేడు. అందరూ అతని లాగే అసోర్ దీవుల నుంచి వచ్చిన పోర్చుగీసు వాళ్లు. ఒకే చర్చి, ఒకే క్లబ్బు, పెళ్లయినా చావయినా ఒకే హాలు. ముప్ఫై ఏళ్లు తమ వాకిట్లో మంచు తొక్కినవాడికి ఇక రావద్దని ఏ నోటితో చెప్తారు? అందుకని దాక్కున్నారు. ఆర్సెనియో అయితే చేపల కొట్లో ఇతన్ని చూసి, ఎండుచేపల పెట్టె వెనక వంగి బూటు తాడు కట్టుకుంటున్నట్టు నటించాడు.

"లే ఆర్సెనియో, నీ బూట్లకు తాళ్లే లేవు," అన్నాడు దెల్ఫీం.

నవ్వుతూనే అన్నాడు. ఇంటికొచ్చాక మాత్రం అన్నం సయించలేదు.

అతను మోసే అసలు బరువు వేరే ఉంది. అది భార్య ఇల్దాకి తప్ప ఎవరికీ తెలియదు.

చమురు పోయడమంతా చెవి పని. ఇంటి గోడ బయటికి రెండు గొట్టాలు పొడుచుకొచ్చి ఉంటాయి. ఒకటి నింపే గొట్టం, ఒకటి గాలి గొట్టం. లోపల ట్యాంకు నిండుతున్నంతసేపూ గాలి గొట్టం ఈల వేస్తుంది. ఈల ఆగిందంటే ట్యాంకు నిండింది. అసలు ఈలే మొదలవకపోతే ఆ క్షణమే పంపు ఆపాలి. లారీ ఎక్కిన మొదటి రోజు నేర్పేది ఇదొక్కటే: ఈల లేదంటే చమురు లేదు.

ముప్ఫై ఏళ్లు ఆ లారీ పంపు పక్కన నిలబడీ నిలబడీ దెల్ఫీం చెవులు పోయాయి. పూర్తిగా పోయినా బాగుండేది. వాటిలో ఒక ఈల మిగిలింది. చర్చిలో ఈల, భోజనం దగ్గర ఈల, దిండు మీద తల పెడితే ఈల. డాక్టరు దగ్గరికి వెళ్తే కాగితం మీద రాస్తాడు, రాస్తే లారీ దింపేస్తారు. ఇంకో మూడు చలికాలాలు లాగితే పింఛను.

"ఫోను మోగి మోగి చచ్చింది, చెవిటి మాలోకమా!" అనేది ఇల్దా.

"మోగనీ. గ్యాసు వాళ్లే అయ్యుంటారు."

"నీ తలకాయ. మీ అక్క."

"అయితే ఇంకా మోగనీ."

చెవి చేయని పని చేతితో చేశాడు. గాలి గొట్టం మీద వట్టి అరచేయి ఆనించేవాడు. ఈల వేస్తున్న ఇనుము సన్నగా వణుకుతుంది. వణుకు ఆగితే పంపు ఆపేసేవాడు. రెండేళ్లు అలాగే నెట్టుకొచ్చాడు, ఒక్క చుక్క ఒలకలేదు. ఆ చుక్క లెక్క అతనికి పిచ్చి. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్క చుక్క ఒలకలేదని క్లబ్బులో చెప్పీ చెప్పీ అందరికీ విసుగు పుట్టించాడు.

కొండ మీద చివరి ఇల్లు దోనా ఒదెత్‌ది, అంటే ఒదెత్ అమ్మగారిది. డెబ్బై తొమ్మిదేళ్ల విధవరాలు. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ముందు చమురు పోయాలి, తర్వాత వెనక తలుపు తట్టాలి. అప్పుడు ఆవిడ తలుపు తీసి, కేల్ ఆకు సూపు గిన్నె చేతిలో పెట్టి, "తాగు బిడ్డా, నీ మొహం చూడు, ఎండుచేపలా ఉంది," అనాలి. భర్త బతికున్నప్పటి నుంచీ అంతే.

ఆ జనవరిలో ఆవిడా గ్యాసు పెట్టించుకుంది. మోకాళ్లు అరిగిపోయాయి, చమురు వాసనకి దగ్గు. మేనకోడలు లుర్దెస్ అన్నీ మాట్లాడింది. ఆఫీసుకు ఫోను చేయబోతే మాత్రం ఒదెత్ చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు. నేను చెప్తా."

"అత్తా, ఫోను చేస్తే రెండు నిమిషాల పని."

"అందరూ అలాగే వెన్నుపోటు పొడిచారు వాణ్ణి. వచ్చినప్పుడు నేనే మొహం చూసి చెప్తా. కడుపుకింత పెట్టి మరీ చెప్తా."

మొత్తం వీధిలో ఒక్క మనిషి మర్యాదగా ఉందామనుకుంది. కొంప ముంచింది ఆ మర్యాదే.

గ్యాసు బాయిలరు బిగించడానికి వచ్చినవాళ్లు ట్యాంకు కోసి పట్టుకుపోయారు. గోడ బయట గొట్టాలు మాత్రం వదిలేశారు. పీకితే గోడ పూడ్చాలి, అదో అరపూట పని.

వంతు ప్రకారం దెల్ఫీం వచ్చిన పొద్దున చలికి ఇనుము కరుస్తోంది. అంతకు ముందు నాలుగిళ్ల గొట్టాలకు అతుక్కుని అరచేతి తోలు లేచిపోయింది. ఒదెత్ ఇల్లే కదా, దీనికెన్ని గ్యాలన్లు పడతాయో నిద్రలో లేపినా చెప్తా అనుకుని చేతికి తొడుగు వేసుకున్నాడు. రబ్బరు పైపు లాక్కొచ్చి బిగించి, పంపు వదిలాడు. గాలి గొట్టం మీద తొడుగు చెయ్యి పెట్టాడు. ఏదో వణికింది. కొండ మీది గాలికి గొట్టం వణికిందో, చలికి చెయ్యి వణికిందో. చెవిలో ఈల ఉండనే ఉంది, హాయిగా మోగుతోంది.

లోపల వంటింట్లో ఒదెత్ తియ్యరొట్టెని గుడ్డలో మూట కడుతూ, చెప్పాల్సిన మాటలు పెదాల మీదే వల్లిస్తోంది. లారీ చప్పుడు విన్నది. కంగారు పడలేదు. ట్యాంకే లేదు కదా, దేంట్లో పోస్తాడు? చూసుకుని వాడే తలుపు తడతాడు అనుకుంది.

నూట డెబ్బై గ్యాలన్లు పోసి తలుపు తట్టాడు.

ఆవిడ రొట్టె మూట రెండు చేతులతో చాచి, గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. "బిడ్డా, కోప్పడకు. మోకాళ్లు పనిచేయట్లేదు. గ్యాసు పెట్టించాను. ట్యాంకు తీసేశారు."

దెల్ఫీంకి మాటలు సగమే అందాయి. "దేవుడు చల్లగా చూడాలి దోనా ఒదెత్," అని రొట్టె అందుకున్నాడు. అప్పుడు ఆవిడ ముక్కు ఎగబీల్చి వెనక్కి తిరిగింది. అతనికీ వాసన తగిలింది. ఆవిడ పెదాలను మళ్లీ చూశాడు.

"ఏం తీసేశారు?"

"ట్యాంకు, బిడ్డా. ట్యాంకు."

నేలమాళిగ మెట్లు దిగేసరికి బూటు అడుగులు చమురులో మునిగాయి. పోయిన ఆయన ద్రాక్షసారా కాచుకున్న పీపాలు అందులో నానుతున్నాయి. మెట్టు మీద కూలబడ్డాడు. చేతిలో రొట్టె ఇంకా వెచ్చగానే ఉంది.

రెండు రోజుల తర్వాత ఆఫీసులో కూర్చోబెట్టారు. యజమాని నార్మండ్ మంచివాడే, కానీ బీమా మనిషి వస్తున్నాడు. ఆ మనిషి లోపలికి రాకముందే నార్మండ్, దెల్ఫీం చెవిలో ఊదాడు: "దెల్, ఈల విన్నానని చెప్పు. గొట్టాలు వదిలేసినవాళ్ల మెడకు చుడదాం. ఇంకేం మాట్లాడకు."

ఊదడం వల్ల దెల్ఫీంకి వినపడలేదు. మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. నార్మండ్ అతని మొహం వంక ఒక్కసారి చూసి, ఇక చూడలేదు.

"ఈల విన్నారా?" అని అడిగాడు బీమా మనిషి.

"విన్నాను."

"ట్యాంకు లేని చోట ఈల ఎక్కడిదండీ?"

దెల్ఫీం బల్ల వంక చూశాడు. "ఒట్టు సార్. విన్నాను. ఇప్పుడూ వినపడుతోంది."

నార్మండ్ చెయ్యి చాచాడు. దెల్ఫీం లారీ తాళాలు ఆ చేతిలో పెట్టాడు.

ఒదెత్ ఇంటి నేల తవ్వి, చమురు ఇంకిన మట్టి లారీలకెత్తారు. ఆవిడ లుర్దెస్ ఇంట్లో పై గదికి చేరింది. తప్పంతా తనదేనని కనపడ్డ ప్రతివాడికీ చెప్పింది. వీధి మాత్రం దెల్ఫీందే అంది, నిజమూ అదే, కొంత. క్లబ్బులో ఎవడో "ఒక్క చుక్క కూడా ఒలకలేదు, మొత్తం ఒకేసారి పోశాడు," అంటే అందరూ పడిపడి నవ్వారు. ఆ నవ్వు కూడా అతనికి వినపడలేదు, పళ్లు కనపడ్డాయి.

మార్చిలో దెల్ఫీం బక్కెట్లో సిమెంటు కలుపుకుని బయల్దేరాడు. గ్యాసుకు మారిన ఇళ్లన్నీ అతనికి కంఠతా వచ్చు. గోడ బయట గొట్టం నిలబడే ఉన్న ఇళ్లు నలభై మూడు. అతని లారీ ఇప్పుడు కొత్తవాడు నడుపుతున్నాడు, వాడికి వీధులే తెలియవు, వట్టి చీటీ చూసుకుని పోస్తాడు. చీటీలో ఒక్క నంబరు తప్పినా ఇంకో ఇంటి నేలమాళిగ పాడవుతుంది. గొట్టం నోరు మూయించమని ఇంటింటికీ చెప్పడానికి వెళ్లాడు. తలుపులు తెరుచుకోలేదు. పన్నెండో ఇల్లు ఆర్సెనియోది. తట్టాడు. కిటికీ తెర కదిలింది.

"ఇంట్లో ఎవరూ లేరు!" అని లోపలి నుంచి ఆర్సెనియో గొంతే అరిచింది.

దెల్ఫీంకి వినపడలేదు. జవాబు కోసం మంచులో చాలాసేపు నిలబడి, మళ్లీ తట్టాడు. ఆ తర్వాత గోడ పక్కకు వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, నింపే గొట్టం మూత విప్పి, చెంచాతో సిమెంటు కూరడం మొదలుపెట్టాడు.

ఆర్సెనియో పోలీసులకు ఫోను చేశాడు. "చమురు దెల్ఫీం అండీ. గ్యాసు పెట్టించుకున్నామని కక్ష కట్టి, మా ఇల్లు పాడుచేస్తున్నాడు."