పిన్ని నేర్చిన ‘దువేలే’

మా పిన్నికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎముకల ఆసుపత్రిలో, ఆపరేషన్ అయినవాళ్లను మళ్లీ నడిపించే గదిలో ఆమె సహాయకురాలు. ఇరవై రెండేళ్ల సర్వీసు. రోగి మొహం చూస్తే చాలు, నొప్పి ఎంతుందో చెప్పేస్తానని ఆమె ధీమా.

ఆ ధీమా ఒక పెద్దాయన దగ్గర చెల్లలేదు. తాపీ పని చేసి మానేసినవాడు, స్పానిష్ తప్ప మరో భాష రాదు. మోకాలి ఆపరేషన్ అయింది. కూతురి ఇల్లు మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. శుక్రవారానికి ఆ గదిలో సాధన కోసం కట్టిన పన్నెండు మెట్లూ ఎక్కి చూపిస్తేనే ఇంటికి, లేదంటే ఏదో సంరక్షణ కేంద్రానికి. ఆయనేమో నవ్వుతూనే ఉంటాడు, రెండో మెట్టు దగ్గర మొరాయిస్తాడు. మొండి ఘటమని అందరూ తేల్చేశారు, పిన్నితో సహా.

చివరికి పిన్ని ఆయన కూతురిని పట్టుకుంది. ఆ అమ్మాయికి మన భాష బాగానే వచ్చు.

“నొప్పిగా ఉందా అని మీ నాన్నను ఎలా అడగాలమ్మా?”

“‘లే దువేలే?’ అనండి. చిన్నపిల్లలనైతే ‘తే దువేలే?’ అంటాం. మనకే నొప్పైతే ‘మే దువేలే’.”

పిన్ని ఆ సాయంత్రం గరిటె పట్టుకుని ఇంట్లో అందరినీ అడిగింది. బాబాయి నడుము పట్టుకుని “మే దువేలే” అని మూలిగి, గిన్నెలు తోమే పని ఎగ్గొట్టాడు.

మర్నాడు మెట్ల దగ్గర “లే దువేలే?” అంది. పెద్దాయన కళ్లు మెరిశాయి. “నో, నో!” అన్నాడు, చేయి మాత్రం కమ్మీని వదల్లేదు. నొప్పి ఉందంటే ఇంటికి పంపరని ఆయన భయం. పిన్నికి అప్పుడు తట్టింది. ఇన్నేళ్లూ మొహాలు చూసిందే తప్ప, ఉన్నది చెప్పినా ఫర్వాలేదని తను ఎవరికీ చెప్పలేదు. ఆమెకు నిజంగా సిగ్గేసింది.

మనుషుల్ని లేపీ లేపీ వాచిన తన కుడి మణికట్టు చూపించింది. మా దగ్గర కూడా దాచిన సంగతి అది. “మే దువేలే” అంది.

ఆయన నవ్వడం మానేశాడు. మోకాలు పట్టుకుని మెల్లగా, “మే దువేలే” అన్నాడు.

పిన్ని వెంటనే డాక్టరుకు చెప్పింది. వ్యాయామానికి ముందు వేసుకోమని ఆయన మాత్ర రాశాడు. శుక్రవారం కూతురు పై మెట్టు మీద నిలబడింది. ఏడో మెట్టు దగ్గర పెద్దాయన ఆగి, ఎవరూ అడగకుండానే “దువేలే” అన్నాడు, అందరికీ వినబడేలా. పిన్ని కూడా ఆగింది. ఆయన ఊపిరి పీల్చుకుని ఎనిమిదో మెట్టు మీద కాలు పెట్టాడు.