రెండుసార్లు చచ్చిన సైనికుడు

పాత జానపద సినిమా ఒకటి ఆత్మకూరు హాల్లో మళ్లీ వేస్తున్నారని తెలిసి, నేనూ నా స్నేహితుడూ ఉదయగిరిలో బస్సెక్కినాం. వాడు చెక్క గరిటెలు చెక్కే మనిషి. మోకాళ్లు ఇద్దరివీ పోయినాయి. అయినా పోక తప్పలేదు. ఆ సినిమాలో వాడి తమ్ముడున్నాడు.

మా దుర్గం కొండ మీదే తీసినారు దాన్ని. ఇద్దరు రాజులకూ సైన్యం మా ఊరి మగపిల్లలే. పొద్దున ఒక రాజు కోసం చచ్చి, అన్నం తిని, తలపాగా మార్చి, మధ్యాహ్నం రెండో రాజు కోసం చచ్చేవాళ్లు. వేరే ఊళ్లలో ఎవరు కనిపెడతారు? మాకు మొహాలు తెలుసు. "ఒరే, ఇందాకే పోయినాడు కదరా ఈ సాయిబు పిల్లోడు!" అని మా ఊరి హాల్లో నేల టికెట్టు జనం ఒకటే నవ్వులు. వారం తిరక్కుండానే రీళ్ల పెట్టె సర్దుకుని పోయినారు. చెడ్డ సినిమా. అందులో నాకు ఇప్పటికీ అనుమానం లేదు.

ఆ తమ్ముడు కొన్నాళ్లకే జ్వరమొచ్చి పోయినాడు. వాళ్ల నాయన పూటా నమాజు తప్పని నిష్ఠ గల మనిషి, ఇంట్లో ఫోటోలు ఉండనిచ్చేవాడు కాదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. "వాడి మొహం చెరిగిపోతా ఉండాది రా, ఒక్కసారి చూసుకోవాల" అన్నాడు మావాడు.

హాలు కిటకిటలాడుతోంది. కల్ట్ అంట, ముందే పోస్టరు మీద చూసినాను. బడిలో నాలుగు అక్షరాలే నేర్చినవాణ్ని, ఆ మాట కోసం నిఘంటువు తిరగేసి పోయినాను. అందులో రాసింది ఏదీ ఈ కాగితాలు చింపి ఎగరేసే మూకకు అతకలేదు. పక్క సీటు కాలేజీ కుర్రాణ్ని అడిగినాను, "బాగలేదనే కదా నవ్వుతున్నారు, మరి డబ్బు తగలేసి రావడమేంది?"

"బాగుంటే ఒకసారి చూస్తాం తాతా. ఇది కల్ట్ బొమ్మ. డైలాగులన్నీ నోటికొచ్చు."

నిజమే, తెర మీది రాజు నోరు తెరిచేలోపే వీళ్లు చెప్పేస్తున్నారు.

యుద్ధం మొదలైంది. మావాడు కళ్లద్దాలు తుడుచుకుని ముందుకు వంగినాడు. అంతే, హాలంతా లేచి కుర్చీల మీద నిలబడింది. "వస్తాండాడు! రెండు చావుల అన్న వస్తాండాడు!" ఆ కేకలన్నీ వీడి తమ్ముడి కోసమే. "కూర్చోండ్రా!" అని నేనరిచిన అరుపు నాకే వినపడలేదు. రెండు చావులూ వాళ్ల వీపుల అవతలే జరిగిపోయినాయి.

చెడ్డ సినిమాకూ కల్టుకూ తేడా ఏందో నిఘంటువులో లేదు, అక్కడుంది. ఉత్త చెడ్డ సినిమా అయితే హాలు ఖాళీగా ఉండేది, మావాడు కళ్లారా చూసుకునేవాడు.

బయట మెట్ల మీద కూలబడినాడు. ఆ కుర్రాడు కనపడితే కడిగేసినాను. "మీరు గంతులేసింది ఎవరి కోసమో తెలుసా? ఈయన తమ్ముడురా! చచ్చిపోయిన తమ్ముడు!"

వాడి మొహం పాలిపోయింది. "మాకేం తెలుసు తాతా, ఆ అన్నంటే మాకు ప్రాణం" అంటూ ఫోను తీసినాడు. అందులో ఆ యుద్ధం ముక్క ఉండాది. పడతాడు, లేస్తాడు, మళ్లీ పడతాడు. వెనకాల ఎవరో అతికించిన నవ్వుల మోత.

"ఆ మోత ఆపు నాయనా" అన్నాడు మావాడు.

ఆపి ఇచ్చినాడు. మావాడు రెండు చేతులా పట్టుకుని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. నాకు తిట్టాల్సింది ఇంకా చాలా మిగిలింది గానీ ఓపిక లేదు.

"ఇంత పిల్లోడా రా వీడు?" అన్నాడు మావాడు.

"అంతే ఉండినాడు" అన్నాను.